జాన్ హోవర్డ్: ఒక ఇంగ్లిష్ పల్లెటూరి పెద్దమనిషి, ఆయన కుటుంబం, ఆయన షెరీఫ్‌గిరీ – తరచుగా అడిగే ప్రశ్నలు

జైళ్ల సంస్కరణల గురించి చదివేవాళ్లకు ఇంగ్లాండ్ జైళ్ల సంస్కర్త జాన్ హోవర్డ్ (1726–1790) పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఆ పేరు వెనక ఒక మామూలు మనిషి ఉన్నాడు. ఊళ్లో రెండొందల ఎకరాల ఆసామి, ఇద్దరు భార్యలను పోగొట్టుకున్న భర్త, ఉన్న ఒక్క కొడుకునూ దక్కించుకోలేకపోయిన తండ్రి. ఈ పేజీలో ఎక్కువగా ఆ మనిషి గురించే ఉంటుంది. జైళ్ల సంగతి ఎలాగూ మధ్యలో వస్తుంది. రాకుండా ఆయన కథ చెప్పడం కుదరదు.

షెరీఫ్ అంటే సినిమాల్లో ఛాతీ మీద నక్షత్రం పెట్టుకుని తుపాకీ పట్టుకు తిరిగే ఆయనేనా?

కాదు. అది అమెరికా షెరీఫ్. అక్కడ ఓట్లు వేసి ఎన్నుకునే పోలీసు అధికారి అతను. ఇంగ్లాండ్ షెరీఫ్ చాలా పాతకాలపు మనిషి. ఆ పదవికి వెయ్యేళ్లకు పైగా వయసుంది. 'షైర్' అంటే జిల్లా, 'రీవ్' అంటే రాజుగారి తరఫు అధికారి. ఆ రెండూ కలిసి నలిగి నలిగి షెరీఫ్ అయింది. రాబిన్ హుడ్ కథల్లో నాటింగ్‌హామ్ షెరీఫ్ ఈ కోవవాడే. మొదట్లో పన్నుల వసూలు, సైన్యం, న్యాయం అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. 18వ శతాబ్దానికి వచ్చేసరికి ఆ అధికారం చాలావరకు కరిగిపోయి, మర్యాదలు మిగిలాయి. కౌంటీకి, అంటే జిల్లాకు, ఒక్కరు, ఒక్క ఏడాది, జీతం సున్నా. ఏడాదికి రెండుసార్లు విచారణలకు వచ్చే లండన్ జడ్జీలకు ఎదురెళ్లి బూరలు ఊదించి, బల్లేలు పట్టుకున్న మనుషులతో ఊరేగింపుగా తీసుకురావడం, వాళ్లకు విందులివ్వడం, జ్యూరీని పిలిపించడం, ఎన్నికలు జరిపించడం, ఉరిశిక్షలు అమలయ్యేలా చూడడం. వీటన్నిటితో పాటు కౌంటీ జైలు కూడా కాగితం మీద ఆయన బాధ్యతే. ఈ చివరి వాక్యమే మన కథకు మూలం.

షెరీఫ్‌ను ఎవరు ఎంచేవారు?

రాజుగారు. నవంబరులో ప్రతి కౌంటీకి కొన్ని పేర్లు ప్రతిపాదించేవారు. ఆ జాబితాలో రాజు తనకు నచ్చిన పేరు దగ్గర ఒక పెద్ద సూదితో చిల్లు పెడతాడు. తోలు కాగితం మీద సిరాతో గుర్తు పెడితే గీకి చెరిపేయొచ్చు, చిల్లును మాత్రం ఎవడూ పూడ్చలేడు కదా! ఎందుకంటే ఈ పదవి ఖర్చుతో కూడుకున్నది, తప్పించుకోవాలని చూసేవాళ్లు బోలెడుమంది. మొదటి ఎలిజబెత్ రాణి కుట్టుపని చేసుకుంటూ ఉండగా జాబితా తెచ్చారని, చేతిలో కలం లేక సూదితోనే గుచ్చేసిందని ఒక ముచ్చట చెప్పుకుంటారు. నమ్మాలో లేదో మీ ఇష్టం. ఆ సూది తంతు మాత్రం ఇప్పటికీ జరుగుతోంది.

మన దేశంలోనూ షెరీఫ్‌లు ఉండేవారా?

ఉండేవారు. మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు కంపెనీ కాలంలోనే ఈ పదవి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆంధ్ర జిల్లాల పాత పత్రికల్లో 'మద్రాసు షెరీఫు' మాట కనిపించేది అందుకే. మద్రాసులో ఆ పదవిని 1998లో ఎత్తేశారు. ముంబయి, కోల్‌కతాల్లో పేరుకు మిగిలింది.

'కంట్రీ జెంటిల్‌మన్' అంటే మన జమీందారు లాంటివాడా?

కొంత పోలిక ఉంది, కొంత లేదు. కౌలు రాబడి మీద బతకడం, ఊళ్లో మాట చెల్లడం, కష్టం వస్తే జనం ఆయన గుమ్మం తొక్కడం, ఇవన్నీ ఒకటే. కానీ మన జమీందారు సర్కారుకు శిస్తు వసూలు చేసిపెట్టే మనిషి. ఇంగ్లిష్ జెంటిల్‌మన్ భూమికి సొంతదారు. ఆయనకు బిరుదు ఉండక్కర్లేదు. పేరు చివర 'ఎస్క్వైర్' అని రాస్తే చాలు. ఆ తరగతివాళ్లే జీతం లేని మేజిస్ట్రేట్లుగా కూర్చుని కౌంటీ నడిపేవారు. అసలు అర్హత ఏమిటంటే, బతకడానికి పని చేయాల్సిన అవసరం లేకపోవడం.

హోవర్డ్‌కు డబ్బు ఎక్కడిది? గొప్ప ప్రభువంశం వాడైన నార్ఫోక్ డ్యూక్ ఇంటిపేరు కూడా హోవర్డే కదా?

ఇంటిపేరు కలిసింది, అంతే. ఈయన తండ్రి లండన్‌లో స్మిత్‌ఫీల్డ్ సంత దగ్గర తివాచీలు, ఇంటి సామాను అమ్మే దుకాణంలో భాగస్తుడు. తల్లి ఈయనకు ఐదేళ్లప్పుడే పోయింది. పిల్లవాడిని బెడ్‌ఫర్డ్ దగ్గర కార్డింగ్టన్ అనే పల్లెలో పెంచారు, అక్కడ కుటుంబానికి కాస్త ఆస్తి ఉండేది. తర్వాత తండ్రి ఈయనను ఒక టోకు కిరాణా వ్యాపారి దగ్గర పనికి పెట్టాడు. 1742లో తండ్రి పోగానే ఏడువేల పౌండ్లు చేతికొచ్చాయి. కుర్రవాడు వెంటనే ఆ కిరాణా లెక్కలకు దణ్ణం పెట్టి, యూరప్ చూడటానికి బయల్దేరాడు.

ఇంగ్లాండ్‌లో ఎన్నో 'పాత కుటుంబాలు' ఇలా పుట్టినవే. ఒక తరం దుకాణంలో కూర్చుంటే, తర్వాతి తరం పల్లెలో తోట మధ్య కూర్చుంటుంది. దుకాణం మాట మెల్లగా మరుగున పడుతుంది. హోవర్డ్ మాత్రం దాన్ని ఎప్పుడూ దాచుకున్నట్టు లేదు. పైగా జైళ్ల మీద ఆయన రాసిన పుస్తకాల్లో ప్రతి అంగుళం, ప్రతి పెన్నీ లెక్కపెట్టే అలవాటు చూస్తే, ఆ కిరాణా కొట్టు చదువు వృథా పోలేదనిపిస్తుంది.

తనకంటే రెట్టింపు వయసున్న ఆవిడను పెళ్లి చేసుకున్నారట, నిజమేనా?

నిజమే. యూరప్ నుంచి వచ్చాక లండన్ శివార్లలోని స్టోక్ న్యూయింగ్టన్‌లో అద్దెకు ఉండేవారు. ఆరోగ్యం మొదటినుంచీ అంతంతమాత్రమే. అక్కడ జబ్బున పడితే ఇంటావిడ శారా దగ్గరుండి సేవ చేసి బతికించింది. ఆవిడ వితంతువు, వయసు యాభై దాటింది, ఆవిడ ఒంట్లోనూ బాగుండేది కాదు. ఈయనకు పాతిక. కోలుకోగానే "నన్ను పెళ్లి చేసుకోండి" అని అడిగారు. ఆవిడ వద్దని ఎంత చెప్పినా వినలేదు. కృతజ్ఞత తీర్చుకోవడానికి ఇంతకంటే దారి కనపడలేదట! ఆవిడకు ఉన్న కొద్దిపాటి ఆస్తినీ ఆవిడ చెల్లెలి పేరున పెట్టించారు. మూడేళ్లలోపే, 1755లో, శారా చనిపోయింది. వింత పెళ్లే గానీ, ఆ మూడేళ్లూ ఇద్దరూ మనస్ఫూర్తిగానే కాపురం చేశారని చరిత్రకారులు అంటారు.

ఆయనే ఒకసారి ఖైదీగా ఉన్నారంటారు. ఏ నేరానికి?

నేరం ఏమీ లేదు. 1755 నవంబరులో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. భార్య పోయిన దిగులులో ఉన్న హోవర్డ్, అది చూద్దామని 'హానోవర్' అనే ఓడ ఎక్కారు. దారిలో ఫ్రెంచి సాయుధ నౌక ఆ ఓడను పట్టుకుంది. సుమారు నలభై గంటలు నీళ్లు, తిండి లేకుండా ఉంచి, ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ కోటలో చీకటి కొట్లో తోశారు. ఆరు రాత్రులు గడ్డి మీద పడక. ఒక మాంసం ముక్క లోపలికి విసిరితే, కోయడానికి కత్తి లేక కుక్కల్లా పీక్కుని తిన్నారట. దినాన్ అనే ఊళ్లో ఒకేరోజు ముప్ఫై ఆరుగురు ఇంగ్లిష్ ఖైదీలను ఒకే గోతిలో పూడ్చారని ఆయనే రాశారు.

మాట మీద విడుదలై ఇంటికొచ్చాక, తనకు బదులు ఒక ఫ్రెంచి అధికారిని వదిలేలా ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత లండన్‌లో నౌకాదళ ఖైదీల వ్యవహారాలు చూసే కమిషనర్ల దగ్గరికి వెళ్లి మిగతావాళ్ల గురించి కూర్చుని చెప్పారు. ఆ తర్వాత పదిహేడేళ్లు జైళ్ల ఊసే ఎత్తలేదు. ఆ బ్రెస్ట్ అనుభవమే ఆయన్ను సంస్కర్తను చేసిందని కథలా చెప్పుకోవడం సులువు. కానీ మధ్యలో ఉన్న ఆ పదిహేడేళ్లు ఆయన హాయిగా తోట పెంచుకున్నారు.

రెండో భార్య ఎవరు?

హెన్రియెట్టా లీడ్స్. కేంబ్రిడ్జిషైర్‌లోని క్రాక్స్‌టన్ ఊరి లాయరు ఎడ్వర్డ్ లీడ్స్ కూతురు. పెళ్లి 1758లో. పెళ్లికి ముందే హోవర్డ్ ఒక షరతు పెట్టారు: మన మధ్య ఏ విషయంలో తేడా వచ్చినా నా మాటే నెగ్గాలి అని. గొడవల టెన్షన్ ఉండకూడదని అలా అడిగారట! ఆవిడ ఒప్పుకుంది. ఇవాళ చదివితే ఒళ్లు మండుతుంది. కానీ ఆ ఇంట్లో జరిగినవి చూస్తే ఆవిడ మాట చెల్లకపోవడం ఏమీ కనిపించదు. ఏడాది చివర లెక్కలు చూసుకుంటే కొంత డబ్బు మిగిలిందట. సరదాగా లండన్ వెళ్లొద్దామా అని ఆయన అడిగితే, "ఆ డబ్బుతో ఒక పేదింటికి ఎంత ముచ్చటైన ఇల్లు కట్టొచ్చో" అందట ఆవిడ. ఇల్లే కట్టారు. నగలు కొన్ని అమ్మి పేదల ఖర్చులకు పెట్టిందనీ చెబుతారు.

ఏడేళ్లు పిల్లలు లేరు. 1765 మార్చి 27న కొడుకు పుట్టాడు. 31న, ఆదివారం, ఆవిడ పోయింది. హోవర్డ్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

కార్డింగ్టన్‌లో రోజంతా ఏం చేసేవారు?

పొద్దున్నే లేవడం, ప్రార్థన, తోట, కౌలుదార్ల ఇళ్లకు వెళ్లి కూర్చోవడం. తడి నేల మీద కూలిపోయేలా ఉన్న గుడిసెలను పీకేసి, ఒక్కొక్కటిగా పక్కా ఇళ్లు కట్టించారు. ప్రతి ఇంటికి కాస్త పెరడు. పిల్లలకు బడి. అయితే ఊరికే ఇవ్వలేదు. ఆదివారం ప్రార్థనకు వెళ్లాలి, తాగుడు ఉండకూడదు. ఒప్పుకున్నవాళ్లకే ఇల్లు. దయ, పెత్తనం రెండూ ఒకే చేత్తో పెట్టేవారన్నమాట. ఆ ఊళ్లోనే ఆస్తి ఉన్న బంధువు, బీరు తయారీలో పేరుమోసిన శామ్యూల్ విట్‌బ్రెడ్ కూడా ఇలాగే ఇళ్లు కట్టించారు. ఒకరు తాగొద్దనే షరతు పెట్టేవారు, ఇంకొకరు బీరు కాచి కోటీశ్వరులయ్యారు. ఇద్దరూ మంచి స్నేహితులు!

ఇంకో పిచ్చి ఉండేది: వాతావరణం. తోట చివర థర్మామీటర్ పెట్టి, గడ్డకట్టే చలిలో కూడా తెల్లవారుజామున వెళ్లి చూసి రాసుకునేవారు. 1756లోనే ఆయన శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ సభ్యుడు. పెద్ద శాస్త్రవేత్త అని కాదు. కొలవడం, రాయడం ఆయన స్వభావం, అంతే. జైళ్లకు పనికొచ్చింది ఆ స్వభావమే.

ఆయన చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ సభ్యుడు కాదు కదా, షెరీఫ్ ఎలా అయ్యారు?

మంచి ప్రశ్న. ఆయన 'డిసెంటర్', అంటే అధికారిక చర్చికి బయట ఉన్న ప్రొటెస్టెంట్. ప్రభుత్వ పదవి తీసుకునేవాడు అధికారిక చర్చిలో ప్రసాదం తీసుకుని తీరాలని టెస్ట్ చట్టం. తీసుకోకుండా పదవిలో కూర్చుంటే, ఎవడైనా కేసు వేసి 500 పౌండ్ల జరిమానా కట్టించొచ్చు.

ఈ చట్టాన్ని లండన్ నగరం ఎలా వాడుకుందో వింటే నవ్వొస్తుంది. డిసెంటర్లనే ఏరికోరి షెరీఫ్‌లుగా ఎన్నుకునేవారు. ఒప్పుకుంటే టెస్ట్ చట్టం కింద దోషి, కాదంటే నగరానికి జరిమానా. అలా వేలకు వేల పౌండ్లు పోగేసి, లార్డ్ మేయర్ ఉండే మాన్షన్ హౌస్ కట్టడానికి వాడారు. చివరికి 1767లో పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ దోపిడీ చెల్లదని తీర్పిచ్చింది.

కాబట్టి 1773 ఫిబ్రవరిలో బెడ్‌ఫర్డ్‌షైర్‌కు తన పేరు గుచ్చినప్పుడు, నా మతం అడ్డొస్తోందని హోవర్డ్ హాయిగా తప్పుకోవచ్చు. ఆయన తప్పుకోలేదు. ప్రసాదమూ తీసుకోలేదు. జరిమానా వస్తే చూసుకుందామని కూర్చున్నారు. ఎవరూ కేసు వేయలేదు.

షెరీఫ్ అయ్యాక బెడ్‌ఫర్డ్ జైల్లో ఏం చూశారు?

నిర్దోషులను. కోర్టు వదిలేసిన మనుషులు, అసలు కేసే నిలబడనివాళ్లు, ఫిర్యాదుదారు రాక విడుదల కావాల్సినవాళ్లు లోపలే ఉన్నారు. ఎందుకంటే జైలరుకు జీతం లేదు. ఖైదీల దగ్గర వసూలు చేసే ఫీజుల మీదే అతని బతుకు. బెడ్‌ఫర్డ్‌లో ఆ ఫీజు జైలరుకు 15 షిల్లింగుల 4 పెన్నీలు, తాళాలవాడికి 2 షిల్లింగులు. మన పెద్దవాళ్ల రూపాయి, అణా, పైస లెక్కలాగే అక్కడ పౌండు, షిల్లింగు, పెన్నీ. పొలం కూలికి వారమంతా కష్టపడితే వచ్చేది ఏడెనిమిది షిల్లింగులు. అంటే నిర్దోషి అని తేలాక రెండు వారాలకు మించిన కూలి కడితేగానీ తలుపు తెరుచుకోదు. అది లేనివాడు అక్కడే కుళ్లాలి.

హోవర్డ్ వెళ్లి కౌంటీ మేజిస్ట్రేట్లను అడిగారు: జైలరుకు జీతమిచ్చి ఈ ఫీజులు ఎత్తేయండి అని. వాళ్లు కోప్పడలేదు. "న్యాయమే. కానీ ఇంకెక్కడైనా ఇలా ఇస్తున్నారా? ఒక ఉదాహరణ చూపించండి" అన్నారు. గవర్నమెంటు ఆఫీసుల చుట్టూ తిరిగిన ఎవరికైనా ఈ జవాబు కొత్తేమీ కాదు. హోవర్డ్ మాత్రం దాన్ని మాటకు మాట పట్టుకుని, ఉదాహరణ వెతుక్కుంటూ పక్క కౌంటీలకు గుర్రమెక్కి వెళ్లారు. ఎక్కడా దొరకలేదు. అన్నిచోట్లా అదే కథ. ఆ వెతుకులాట పదిహేడేళ్లు సాగింది.

ఈ బెడ్‌ఫర్డ్ కౌంటీ జైల్లోనే వందేళ్ల ముందు జాన్ బన్యన్ అనే బోధకుడు పన్నెండేళ్లు ఉన్నాడు. బన్యన్ పెంచిన సంఘంలోనే హోవర్డ్ ప్రార్థనకు వెళ్లేవారు. తర్వాత పసిపిల్లల బాప్టిజం విషయంలో తేడాలొచ్చి, 1772లో కొందరితో కలిసి బయటికొచ్చి వేరే ప్రార్థన మందిరం పెట్టుకున్నారు.

అంతకుముందు షెరీఫ్‌లెవరికీ ఇవి కనపడలేదా?

చూడలేదు కాబట్టి కనపడలేదు. అసలు పని అండర్ షెరీఫ్ అనే గుమాస్తా చూసుకునేవాడు. షెరీఫ్‌గారు విందులు చూసుకునేవారు. జైలు లోపలికి వెళ్లాలంటే భయం కూడా. 'జైలు జ్వరం' అని పిలిచే టైఫస్ ఎవరినీ వదిలేది కాదు. 1730లో టాంటన్ కోర్టుకు తెచ్చిన ఖైదీల నుంచి జ్వరం అంటుకుని జడ్జి పెంగెలీ, ఆ కౌంటీ షెరీఫ్ జాన్ పిగాట్, ఇంకా ఎందరో పోయారు. 1750లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో జడ్జీలతో పాటు లార్డ్ మేయరూ చనిపోయాడు. అప్పటికి పేను ద్వారా వస్తుందని ఎవరికీ తెలియదు. చెడుగాలి వల్ల అనుకునేవారు.

ఆ జైళ్లు నిజంగా అంత ఘోరంగా ఉండేవా?

ప్లిమత్‌లో 'క్లింక్' అనే గది ఉండేది: పొడవు 17 అడుగులు, వెడల్పు 8, ఎత్తు ఐదున్నర. నిటారుగా నిలబడలేరు. వెలుతురు, గాలి తలుపులోని చిన్న కంతలోంచే. మనుషులు వంతులవారీగా ఆ కంత దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకునేవారు. ఎలీలో బిషప్‌గారి జైలు గోడలు బలహీనంగా ఉండటంతో, పారిపోకుండా ఖైదీలను వెల్లకిలా పడుకోబెట్టి గొలుసులతో నేలకు కట్టేవారు. మెడకు ముళ్ల ఇనుప పట్టీ. కొన్నిచోట్ల కిటికీలే లేవు. కిటికీ ఉంటే పన్ను కట్టాలి, ఆ పన్ను జైలరు జేబులోంచి పోవాలి. కాబట్టి జైలరు ఇటుకలతో మూసేశాడు. లెక్క సరిపోయింది, గాలి పోయింది. అదే జైలరు లోపల బీరు కొట్టు నడిపి ఖైదీలకే అమ్మేవాడు.

1776లో హోవర్డ్ తలలు లెక్కపెడితే ఇంగ్లాండ్, వేల్స్ జైళ్లన్నిటిలో 4,084 మంది తేలారు. అందులో 2,437 మంది అప్పులు తీర్చలేనివాళ్లు. పెద్ద నేరాలవాళ్లు 994 మందే. అంటే జైలు ఎక్కువగా దొంగల కోసం కాదు, బాకీదార్ల కోసం నడుస్తోంది. అప్పు తీర్చేదాకా లోపలుండాలి, లోపలుంటే సంపాదన లేదు. ఉరి కంబం కంటే జైలు జ్వరమే ఎక్కువమందిని చంపుతోందని కూడా ఆయన లెక్కతో సహా రాశారు.

ఆయన పుస్తకం చదివితే మొదట విసుగేస్తుంది. ఆవేశం ఉండదు, కన్నీళ్లు ఉండవు. జైలు పేరు, జైలరు పేరు, ఫీజు ఎంత, గది కొలత, రొట్టె బరువు, నీళ్లున్నాయా లేవా. ఊరి తర్వాత ఊరు. ఓ యాభై పేజీలయ్యాక ఆ అంకెలే గొంతు పట్టుకుంటాయి.

పార్లమెంటు ఏమంది?

1774 మార్చిలో పార్లమెంటు దిగువ సభ హౌస్ ఆఫ్ కామన్స్ ఆయన్ను పిలిచి సాక్ష్యం తీసుకుని, సభ ముందు నిలబెట్టి ధన్యవాదాలు చెప్పింది. ఒక సభ్యుడికి ఓ అనుమానం వచ్చింది: ఈయన ఎవరి ఖర్చుతో ఇన్ని ఊళ్లు తిరిగారు? సొంత డబ్బుతో ఎవరైనా జైళ్లు తిరుగుతారా అని ఆయన ఆశ్చర్యం. ఆ ఏడాదే రెండు చట్టాలు వచ్చాయి. నిర్దోషి దగ్గర విడుదల ఫీజు తీసుకోకూడదని ఒకటి, గదులకు సున్నం వేసి, గాలి ఆడేలా చేసి, జబ్బు మనుషులకు వేరే గదులు పెట్టాలని రెండోది. రెంటినీ ప్రవేశపెట్టింది టాంటన్ సభ్యుడు పోపమ్. జైలర్లు 'మాకు తెలియదు' అనకుండా హోవర్డ్ ఆ చట్టాలను సొంత డబ్బుతో అచ్చు వేయించి దేశంలోని జైళ్లన్నిటికీ పంపించారు. అయినా చాలామంది పట్టించుకోలేదు. మళ్లీ వెళ్లి చూశారు, మళ్లీ రాశారు.

ఎన్నికల్లో పోటీ చేశారా?

1774లో బెడ్‌ఫర్డ్ నుంచి విట్‌బ్రెడ్‌తో కలిసి. ఓట్ల లెక్క తగువు పార్లమెంటు దాకా వెళ్లి, విట్‌బ్రెడ్ గట్టెక్కారు, హోవర్డ్ నాలుగు ఓట్ల తేడాతో పోయారు. గెలిచి ఉంటే లండన్‌లో కూర్చునేవారు. జైళ్లకు అదృష్టం కలిసొచ్చింది.

మొత్తం ఎంత తిరిగారు? ఖర్చెవరిది?

సుమారు 42,000 మైళ్లు, సుమారు 30,000 పౌండ్లు. అంతా సొంతమే. 1777లో పోయిన చెల్లెలు పదిహేను వేల పౌండ్ల దాకా రాసివ్వడం కలిసొచ్చింది. గుర్రం మీదే తిరిగేవారు. మూసిన బండి ఎక్కితే, జైల్లో తన బట్టలకు పట్టిన కంపు తనకే భరించరానిదిగా ఉండేదట. నోటు పుస్తకం కాగితాలు గంటల తరబడి మంట ముందు పరిస్తే గానీ ముట్టుకోలేకపోయేవారు. భోజనం రొట్టె, పాలు, పండ్లు, టీ. మాంసం మానేశారు.

ఫ్రాన్స్, హాలండ్, జర్మనీ, ఇటలీ, రష్యా అన్నీ చూశారు. పారిస్‌లో బాస్టీల్ కోట జైల్లోకి రానివ్వలేదు. మిగతా జైళ్లలోకి వెళ్లడానికి, ఖైదీలకు దానం చేయొచ్చనే 1717 నాటి పాత నిబంధన ఒకటి వెతికి పట్టుకుని, చిల్లర పంచే వంకతో లోపలికి దూరారు. చివరికి ప్లేగు క్వారంటైన్ ఎలా ఉంటుందో తెలుసుకోవాలని, టర్కీలోని స్మర్నా రేవులో ప్లేగు అనుమానం ఉన్న ఓడనే ఏరుకుని ఎక్కి వెనిస్‌కు బయల్దేరారు. దారిలో సముద్రపు దొంగలు ఎగబడితే, ఫిరంగిలో మేకులు, ఇనుప ముక్కలు కూరి ఈయనే పేల్చారు. ఆ క్వారంటైన్ గదిలో వారాల తరబడి ఉన్నారు. అక్కడే ఇంటినుంచి ఉత్తరం వచ్చింది, కొడుకు గురించి.

కొడుకు సంగతి ఏమిటి? తండ్రే కారణమంటారు.

ఇది ఆయన బతికుండగానే, పోయాక కూడా ఎక్కువ గొడవైన విషయం. జాక్ పుట్టిన నాలుగు రోజులకే తల్లి లేదు. తండ్రికి పిల్లల పెంపకం అంటే క్రమశిక్షణే. చంటివాడు ఏడిస్తే ఒళ్లో పెట్టుకుని, ఏడుపు మానేదాకా ఏమీ ఇవ్వకుండా అలాగే కూర్చునేవారట. చెయ్యి చేసుకున్నారని మాత్రం దగ్గరివాళ్లు ఎవరూ చెప్పలేదు. కొంచెం పెద్దయ్యాక బోర్డింగ్ స్కూళ్లు, ఎడిన్‌బరో, కేంబ్రిడ్జి. సెలవులకు తండ్రి ఇంటికొచ్చేవారు, మళ్లీ వెళ్లేవారు. లండన్‌లో జాక్ చెడు సావాసాలు పట్టాడు. తండ్రి నమ్మి పెట్టుకున్న పనివాడే అందులో తోడయ్యాడని తర్వాత తేలింది. మెల్లగా మతి చలించింది. 1787లో హోవర్డ్ తిరిగొచ్చేసరికి, కార్డింగ్టన్ ఇంట్లో కొడుకు కాపలావాళ్ల మధ్య ఉన్నాడు. తర్వాత లెస్టర్‌లోని పిచ్చాసుపత్రికి పంపాల్సి వచ్చింది.

హోవర్డ్ చనిపోయాక లండన్ పత్రికల్లో దుమారం రేగింది: లోకానికి దయామయుడు, కొడుక్కి కసాయి అని. స్నేహితులు ఖండిస్తూ రాశారు. 1792లో ఆయన జీవితచరిత్ర రాసిన డాక్టర్ జాన్ ఐకిన్ కూడా ఆ నింద తుడవడానికి ప్రయత్నించారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈయన ఇంటి సంగతి వదిలి రచ్చకెక్కారనడం కొంత నిజం. కసాయితనం అనడం అన్యాయం. నాకనిపించేది ఏమిటంటే, ఖైదీ ముందు ఏం చేయాలో ఆయనకు తెలుసు, గది కొలవాలి, రొట్టె తూచాలి. తల్లి లేని పిల్లవాడి ముందు ఏం చేయాలో తెలియలేదు. ఇల్లు తనను తరిమిందో, తనే ఇంటినుంచి పారిపోయారో, అది ఆయన డైరీల్లో కూడా స్పష్టంగా దొరకదు.

ఆయన ఆలోచనల్లో తప్పులు లేవా?

ఉన్నాయి. ఖైదీకి రాత్రి ఒంటరి గది ఇస్తే ఆలోచించుకుని మారతాడని నమ్మారు. గుంపుగా కుళ్లడం చూసిన మనిషికి అది మేలుగానే కనిపిస్తుంది. జైళ్ల గురించి వచ్చిన 1779 పెనిటెన్షరీ చట్టంలోకి ఆ ఊహ ఎక్కింది. తర్వాతి తరాలవాళ్లు దాన్ని తెగేదాకా లాగి, 1842లో తెరిచిన పెంటన్‌విల్ జైల్లో ఖైదీలను పగలూ రాత్రీ మనిషి ముఖం కనపడకుండా పెట్టారు. చాలామందికి పిచ్చెక్కింది.

ఎక్కడ, ఎలా చనిపోయారు?

నల్లసముద్రం దగ్గర ఖెర్సన్‌లో, ఇప్పటి ఉక్రెయిన్. రష్యా సైనిక ఆసుపత్రులు చూడటానికి వెళ్లి, జ్వరంతో ఉన్న ఒక యువతికి వైద్యం చేస్తుండగా ఈయనకూ అంటుకుంది. 1790 జనవరి 20. పోయేముందు స్నేహితుడు అడ్మిరల్ ప్రీస్ట్‌మన్‌తో, ఆర్భాటం వద్దు, విగ్రహం వద్దు, సమాధి మీద ఒక ఎండ గడియారం పెట్టి నన్ను మరిచిపోండి అన్నారు.

మరి విగ్రహాలు పెట్టారా?

పెట్టకుండా ఉంటారా! లండన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో మొట్టమొదట పెట్టిన విగ్రహం ఆయనదే, జాన్ బేకన్ చెక్కింది. రోమన్ వేషం వేసి, చేతిలో తాళంచెవి పెట్టారు. ఆయన బతికుండగానే విగ్రహానికి చందాలు మొదలైతే, విదేశం నుంచి ఉత్తరం రాసి ఆపించారు. పోయాక అడ్డు చెప్పేవారు లేరు. బెడ్‌ఫర్డ్ నడిబజారులో ఇంకొకటి ఉంది. 1894 నాటిది, ఆల్‌ఫ్రెడ్ గిల్బర్ట్ పని. ఆలోచనలో పడి నిలబడ్డ ముసలాయనలా ఉంటుంది, నాకు అదే నచ్చుతుంది. ఖెర్సన్‌లో ఎండ గడియారం ఉన్న స్తంభం కూడా నిలబెట్టారు.

ఆయన వంశం ఇప్పుడు ఉందా? ఊరు చూడొచ్చా?

వంశం లేదు. జాక్ 1799లో, ముప్ఫై నాలుగేళ్ల వయసులో, ఆసుపత్రిలోనే పోయాడు. పెళ్లి కాలేదు.

ఊరు చూడొచ్చు. బెడ్‌ఫర్డ్ నుంచి కార్డింగ్టన్ మూడు మైళ్లే. చర్చి దగ్గర ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, వేరేవాళ్ల సొంతం కాబట్టి బయటినుంచే చూడాలి. పచ్చిక చుట్టూ అప్పటి ఇళ్లు కొన్ని కనిపిస్తాయి. ఆ ఊరికి వచ్చేవాళ్లలో చాలామంది మాత్రం హోవర్డ్ కోసం రారు. 1930 అక్టోబరులో అక్కడినుంచి అప్పటి మన కరాచీకి బయల్దేరి ఫ్రాన్స్‌లో కూలిపోయిన ఆర్101 ఎయిర్‌షిప్ (పెద్ద బెలూన్ లాంటి గాలి ఓడ) మృతులు, నలభై ఎనిమిది మంది, ఆ చర్చి స్మశానంలోనే ఒకే సమాధిలో ఉన్నారు. ఆ ఎయిర్‌షిప్‌ను కట్టిన షెడ్డు, దాని పక్కనే ఇంకొకటి, రెండు మహా షెడ్లు ఊరి బయట దూరం నుంచే కనపడతాయి. దారి అడిగితే ముందు వాటినే చూపిస్తారు.